మిఠాయి పెట్టెలో గున్నమ్మ మొక్కలు

“సేపలు ఎట్టనని సెప్తన్నాను కదా బావూ. ఎన్నిసార్లు సెప్పాల?”

“చేపలమ్మేదానివి చేపలు పెట్టకపోతే ఏటి పెడతావు? నా లడ్డూలు పెడతావా?”

“మొక్కలెడతాను.”

“మొక్కలకి అద్దాల పెట్టె ఏటే? వాటికేమైనా ఈగలు ముసురుతాయా?”

ఈ మాటలు నేను నేల మీద వెల్లకిలా పడుకుని విన్నాను. నరసన్నపేట మెయిన్ రోడ్డులో ధర్మారావు గారి మిఠాయి కొట్టుకి కొత్త స్టీలు షోకేసు పెడుతున్నాం. అడుగున స్క్రూలు బిగించే పని నాది. తీసేసిన పాత షోకేసు గుమ్మం బయట ఎండలో ఉంది. నాలుగడుగుల పొడుగు, చెక్క ఫ్రేము, ముందు ఏటవాలు అద్దం, లోపల రెండు అద్దాల అరలు, వెనక జరిపే తలుపులు. దాని పక్కన నెత్తి మీద చుట్టకుదురు తీయకుండా ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. పేరు గున్నమ్మ అని అప్పటికి తెలియదు, చేపల మనిషని మాత్రం తెలుస్తూనే ఉంది.

ధర్మారావు గారిది పూర్తిగా తప్పని నేను అనను. వైశ్యుల కొట్టు. సత్యనారాయణ వ్రతాలకి, పెళ్లిళ్లకి ఆ పెట్టెలోంచే మిఠాయిలు వెళ్లాయి ఇరవై ఏళ్లు. అందులో వంజరం ముక్కలు పడుకోబెడితే ఊళ్లో జనం ఇది ఫలానా కొట్టు పెట్టే కదా అనుకుంటారని ఆయన భయం. పగలగొట్టించి పొయ్యిలోనైనా పెట్టిస్తాను గాని ఇవ్వనన్నాడు. ఆవిడ కదల్లేదు. తిట్టలేదు, బతిమాలలేదు. మొక్కలెడతాను అని మళ్లీ అదే మాట అంది.

నేను లేచి బయటికి వచ్చి ఒక మాట చెప్పాను. మా పనిలో ఒక అలవాటు ఉంది. కొత్తది బిగించినవాడిదే పాత సామాను, కూలిలో భాగం. ఆ లెక్కన ఈ పెట్టె ఇప్పుడు నాది. ఎవరికిస్తానన్నది నా ఇష్టం.

ధర్మారావు గారు నన్ను కిందికీ పైకీ చూశాడు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేసి మా మావయ్య అల్యూమినియం షెడ్డులో చేరానని ఆయనకి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. “నీదే, కాదనను. ఇందులో చేప పడదని నువ్వు మాటివ్వాలి. పడిందో, మీ మావయ్యకి ఈ వీధిలో పని దొరకదు” అన్నాడు.

మాటిచ్చాను. ఎందుకిచ్చానో అప్పుడు ఆలోచించలేదు.

2016 మే నెల మొదటి వారం అది. పెట్టెని రిక్షా బండి మీద మా షెడ్డుకి తోలుకొచ్చే దారిలో గున్నమ్మ పక్కనే నడిచింది. అడిగితే చెప్పింది, అదీ ముక్కలు ముక్కలుగా.

కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పేట వాళ్లది. ముప్పై ఏళ్లుగా రోజూ తెల్లారి ఆటోలో నరసన్నపేట వచ్చి చేపలమ్ముతోంది. ముప్పై ఏళ్లూ చేతులు ఐసులోనే. వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల పక్క చర్మం చీలికలుగా ఉంది. శ్రీకాకుళంలో డాక్టరుకి చూపిస్తే, ఐసూ ఉప్పునీళ్లూ ముట్టుకోవడం మానకపోతే వేళ్లకి స్పర్శ పోతుందన్నాడట. మానేసి ఏం తినాలో ఆయన చెప్పలేదు.

ఆవిడ అక్క కొడుకు ధనరాజు వేన్ నడుపుతాడు. ఇక్కడి రొయ్యలు రాజమండ్రి వైపు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకొస్తాడు. రెండేళ్ల కిందట గున్నమ్మకి రెండు ఎర్ర పూల ఆంథూరియం మొక్కలు తెచ్చాడు. ఒకటి బయట పెట్టాడు, ఒకటి ఖాళీ అయిన థర్మాకోల్ చేపల పెట్టెలో వేసి మూతపెట్టి మర్చిపోయాడు. నాలుగు రోజుల తర్వాత చూస్తే బయటది పడమటి గాలికి మాడిపోయింది, పెట్టెలోది పువ్వుతో సహా నవనవలాడుతూ ఉంది. చేప బతికేది నీళ్లలో, చేప నిలవుండేది చెమ్మలో. మొక్కల్లో కూడా అలాంటి జాతి ఒకటుందని గున్నమ్మకి అప్పుడు తెలిసింది. తర్వాత ఇంటి వెనక చేపల పెట్టెల్లో ప్లాస్టిక్ కాగితం కప్పి పెంచడం మొదలుపెట్టింది. పేర్లు తనే పెట్టుకుంది. ఆంథూరియం నాలుక పువ్వు. సన్నటి కాడల ఫెర్న్ రొయ్యమీసం. ఆకు మీద చారలుండే మొక్క వాలుగాకు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కు దీపిక మేడం దగ్గర వచ్చింది. ఆవిడ పళ్ల డాక్టరు, మెయిన్ రోడ్డులో మేడ మీద కొత్తగా క్లినిక్ తెరిచింది. పేషెంట్లు కూర్చునే గదిలో మొక్కలు పెడితే ఏసీ గాలికి రెండుసార్లు చచ్చిపోయాయి. అద్దాల బీరువా చేసి లోపల మొక్కలు పెట్టి ఇమ్మని విశాఖపట్నంలో అడిగితే ముప్పై వేలు దాటి చెప్పారట. ఒక రోజు వాళ్లింటికి చేపలిచ్చేటప్పుడు, ఎండిన మొక్క బయట పారేయడం చూసి, “నాను బతికిస్తాను మేడం గారూ” అనేసింది గున్నమ్మ. ఎలా బతికిస్తుందో తనకే తెలియదు. మేడం సరే అంది. పెట్టు, నెల్లాళ్లు బతికితే ఇక్కడా ఉంచుతాను, నా ఫ్రెండ్స్ క్లినిక్కులకీ చెప్తాను అంది.

ఇంకో గడువు కూడా ఉంది. అది అసలైనది. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లు కదలవు. చేపల బజారు సగం ఖాళీగా ఉంటుంది. నరసన్నపేట బజారులో ఎవరి చోటుకీ కాగితం లేదు. వేట తెరిచాక మొదటి సరుకు వచ్చిన రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటే ఏడాది పొడుగునా ఆ చోటు వాళ్లది. గున్నమ్మది ముందు వరసలో, వేపచెట్టు నీడలో చోటు. పక్కన కూర్చునే జగ్గమ్మ అప్పుడే అడుగుతోంది, ఈ ఏడు వస్తావా రావా, రాకపోతే మా కోడల్ని కూర్చోబెడతానని.

అంటే మొక్కలు బతికితే గున్నమ్మ చేతులు ఐసులోంచి బయటపడతాయి. బతక్కపోతే ఆ చేతులతోనే తిరిగి వేపచెట్టు కింద కూర్చోవాలి, చోటు మిగిలి ఉంటే.

ఇదంతా విన్నాక నాకు నిద్ర పట్టని జబ్బు ఒకటి అంటుకుంది. నా చదువు పోయినప్పుడు కూడా నేను అంత కంగారు పడలేదు.

పెట్టె పని పది పన్నెండు రోజులు పట్టింది. ముందు దాని జిడ్డు వదిలించాలి. ఇరవై ఏళ్ల డాల్డా. వేడినీళ్లూ సోడా పోసి మూడుసార్లు కడిగాం. కడిగిన మర్నాడు చూస్తే చెక్క సందుల్లోంచి చీమలు బారులు కట్టి వస్తున్నాయి, పంచదార పాకం లోపలికి దిగిపోయి ఉంది. చీమలుంటే మేడం గుమ్మం ఎక్కనివ్వదు. సందులన్నీ గీకి, ఎండలో పెట్టి, చెక్కకి రెండు పూతలు వార్నిష్ వేసి, అద్దాల అంచులన్నీ సిలికాన్‌తో మూశాను. చెమ్మకి ఉబ్బిన వెనక తలుపులు తీసేసి, ఒక బేంకు పనిలో మిగిలిపోయిన అల్యూమినియం షీటుతో కొత్తవి చేశాను. అడుగున రేకుతో రెండంగుళాల లోతు పళ్లెం. పైన రెండు ఎల్‌ఈడీ ట్యూబులు. పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాన్ ఒక మూలన పెట్టాను. గాలి బొత్తిగా కదలకపోతే ఆకులకి బూజు పడుతుంది. అన్నీ మిగులు సరుకులే. కొన్నది సిలికాన్ ట్యూబు, వార్నిష్, లైట్లు. మావయ్య మాత్రం, సొంత షాపు పని మానేసి ముసలిదాని పెట్టెకి మేకులు కొడుతున్నావని రోజూ సణిగాడు.

గున్నమ్మ రోజూ వచ్చి కూర్చునేది. నా పనికి వంకలు పెట్టేది. “ఒరే బాబీ, సందు ఉన్నాదిరా ఆ మూల. సెమ్మ పారిపోతాది. నీ సదువులాగ సగంలో ఒదిలెయ్యకు.”

“నీ మొక్కలు చస్తే నా మీద తోసేద్దామనే కదా?”

“మరేటి? నా మీదేసుకుంతానా?”

మే ఇరవయ్యో తేదీన నలుగురం పట్టుకుని మెట్లెక్కించాం. పళ్లెంలో పరిచేది, మొక్కలు సర్దేది గున్నమ్మ వంతు. అందులో నన్ను వేలు పెట్టనివ్వలేదు. సముద్రం ఒడ్డున ఏరిన గుండ్రటి గులకరాళ్లు బుట్టెడు తెచ్చింది. వాటి మీద తడిపిన గోనెపట్టాలు రెండు మడతలు. గోనె మీద కుండీలు. చేప నిలవుంచేది ఇలాగే. కింద తడి గోనె, పైన తడి గోనె, మధ్యలో సరుకు. అడుగు నుంచి కుండీ రంధ్రాల్లోకి చెమ్మ ఎక్కుతుంది, పైకి ఆవిరి లేస్తుంది అని వివరించింది. తొమ్మిది మొక్కలు. లైటు వేస్తే గదిలో ఉన్న పేషెంట్లు పళ్ల నొప్పి మరిచి లేచి వచ్చి చూశారు. దీపిక మేడం ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది.

నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. పొద్దున్న అద్దం మీద లోపలివైపు ఆవిరి పట్టి ఉండాలి, పదిన్నరకల్లా అది పోవాలి. పట్టకపోతే చెమ్మ చాలదు, పోకపోతే ఎక్కువైంది. నాలుగు రోజులు అలాగే జరిగింది. నేను గర్వపడ్డాను కూడా.

ఐదో రోజు రొయ్యమీసం కొసలు గోధుమ రంగులోకి తిరిగాయి. ఆరో రోజు వాలుగాకు అంచులు కాగితంలా అయ్యాయి. చెమ్మ చాలలేదంది గున్నమ్మ. బయట ఆ వారం నలభై రెండు డిగ్రీలు, వడగాలి. పళ్లెంలో ఇంకా నీళ్లు పోసింది. ఇంటి నుంచి మరో రెండు గోనెపట్టాలు తెచ్చి వెనక తలుపులకి కట్టింది. పళ్లెంలో చేరిన నీళ్లు వృథా ఎందుకని గ్లాసుతో తీసి మళ్లీ కుండీల్లో పోసింది. అద్దం మీద ఆవిరి బాగా పడుతోంది. ఆకులు మాత్రం మాడుతున్నాయి. ఎంత తడిపితే అంత మాడుతున్నాయి. నాకు బుర్ర తిరిగిపోయింది. లైటు వేడేమోనని ఒక ట్యూబు ఆపాను. వార్నిష్ వాసనకేమోనని తలుపు తీసి ఉంచాను. ఫ్యాన్ ఆపాను, మళ్లీ పెట్టాను. ఒకరోజు ఏమీ తోచక పెట్టె ముందు కూర్చుని ఆకులు లెక్కపెట్టాను. పళ్లు పీకించుకోవడానికి వచ్చిన ఒక మాస్టారు, బాబూ నీకు ఏ పన్ను అని అడిగాడు.

గున్నమ్మ మాట్లాడటం తగ్గించింది. వచ్చేది, చూసేది, మెట్ల మీద కూర్చునేది. పేట నుంచి ఫోన్ వస్తే ఎత్తేది కాదు. జగ్గమ్మ ఫోన్ అని నాకు తెలిసేది.

తొమ్మిదో రోజు శనివారం. దీపిక మేడం నన్ను లోపలికి పిలిచింది. ఆవిడ మంచిదే, చెప్పడానికి ఇబ్బంది పడింది. “క్లినిక్‌లో చచ్చిపోతున్న మొక్కలు పెడితే పేషెంట్లు ఏమనుకుంటారు బాబీ? నిన్న ఒకామె అడిగేసింది కూడా. రేపు ఆదివారం సెలవు. చూడండి. సోమవారానికి బాగోకపోతే తీసేద్దాం” అంది.

బయటికి వచ్చి గున్నమ్మకి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. సోమవారం తీసేయమంది అన్నాను, అంతే. ఆవిడ సరే అంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆదివారం పొద్దున్న క్లినిక్ తాళం మేడం దగ్గర తీసుకుని తెరిచాను. గున్నమ్మ అప్పటికే కింద నిలబడి ఉంది. ఒక్కో కుండీ బయటికి తీశాం. గోనెలు ఎత్తాం. గులకరాళ్ల మీద అక్కడక్కడా తెల్లటి చారలు కనిపించాయి. బూజు అన్నాను. గున్నమ్మ ఒక రాయి తీసి, ముఖానికి దగ్గరగా పెట్టి చూసి, నాలిక మీద ఆనించింది.

 రాయి నా చేతిలో పెట్టింది. నేనూ నాకాను.

“ఉప్పు” అంది.

గోనె మూల పిండి ఆ నీళ్లు చూసింది. ఉప్పు. పళ్లెంలో నీళ్లు, ఉప్పు. కుండీ మట్టి చిటికెడు నోట్లో వేసుకుని ఉమ్మేసింది. వాళ్లింట్లో గోనె అంటే చేపలు కప్పిన గోనె. రెండుసార్లు ఉతికింది, వాసన పోయింది, శుభ్రమైందనుకుంది. గులకరాళ్లు సముద్రానివి. నిలవుంచాలంటే ఉప్పుండాలన్నది ఆవిడ ఇంటి పద్ధతి, ఉప్పు ఉన్నట్టే గుర్తుండనంతగా అలవాటైన పద్ధతి. పది రోజులుగా ఆ మొక్కలకి ఉప్పునీళ్లు తాగించాం. ఎండుతున్నాయని ఇంకొంచెం తాగించాం.

“ఊరగాయ ఎట్టేసినాను” అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. గోడకి చేరబడి, రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, వాటికేసే చూస్తూ కూర్చుంది.

ఆ రోజు మేం మధ్యాహ్నం భోజనానికి కూడా కదల్లేదు. మొక్కలన్నీ పీకి వేళ్లు కడిగాం. కొత్త మట్టి నేను స్కూటర్ మీద తెచ్చాను. రాళ్లకి బదులు, కొత్త ఇల్లు కడుతున్న చోట అడిగి ఇటుక ముక్కలు తెచ్చి కొట్టాం. గోనె మొత్తం తీసేశాం. ఇక నీళ్లు. ఆ మేడ బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లగా గార కడతాయి. అవి పోయడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. కిటికీ వెనక ఏసీ గొట్టం కింద, ముందు రోజు చుక్క చుక్కగా కారిన నీళ్లతో ఒక బకెట్ ఉంది. గున్నమ్మ అవి కూడా నోట్లో పోసుకుని చూసింది. చప్పగా ఉన్నాయంది. అవే పోశాం.

సోమవారం పొద్దున్న దీపిక మేడంకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా తప్పు ఇది, ఇలా సరిచేశాం, బతుకుతాయో లేదో తెలియదు, ఇంకో పది రోజులు కావాలి అన్నాను. ఆవిడ పెట్టెకేసి చూసింది, మెట్ల మీద ఉన్న గున్నమ్మకేసి చూసింది. పెట్టె ముందు ఒక కర్టెన్ వేయండి అంది. అంతే.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు సరిగా చెప్పడం రాదు. మూడు మొక్కలు పోయాయి, అందులో రెండు రొయ్యమీసాలు. ఒకే చోటికి రోజూ వెళ్లడం నాకు చేతకాని పని. కాలేజీ పోయింది కూడా అందుకే. అయినా వారానికి మూడు నాలుగు సార్లు వెళ్లి కర్టెన్ పక్కకి తీసి చూసేవాణ్ణి. గున్నమ్మ మాత్రం రోజూ వచ్చేది. ఏసీ బకెట్ నిండే దాకా కూర్చుని, కొలిచి పోసి, వెళ్లేది. జూన్ ఎనిమిదిన మొదటి వాన పడింది. పదో తారీఖున ఆఖరి రొయ్యమీసం మొదలు దగ్గర ఒక చిన్న చుట్ట కనిపించింది, వేలి గోరంత, ఆకుపచ్చగా. మర్నాటికి అది విప్పుకుంది. పన్నెండున మేడం తనే కర్టెన్ తీసేయమంది. చీపురుపల్లిలో వాళ్ల స్నేహితురాలికి ఇలాంటిదే ఒకటి కావాలంది. పాత షోకేసు దొరుకుతుందా అని నన్ను అడిగింది.

గున్నమ్మ గెంతులేస్తుందనుకున్నాను. తలూపి ఊరుకుంది.

జూన్ పద్నాలుగు. రేపు బోట్లు వేటకి దిగుతాయి. ఆ పొద్దున్న నేను వెళ్లేసరికి గున్నమ్మ ఫోన్‌లో ఉంది. సాయంత్రంలోపు సెప్తాను జగ్గా అని పెట్టేసింది. అప్పటికి క్లినిక్‌లో ఎవరూ లేరు. పెట్టె వెనక తలుపు జరిపి, నాలుక పువ్వు కుండీలో చూపుడు వేలు గుచ్చి ఉంచింది. అలా చాలాసేపు ఉంచింది. తీసి బొటనవేలితో రుద్దుకుంది. మళ్లీ గుచ్చింది.

“తడున్నాదేటిరా?” అని అడిగింది.

“వేలు పెట్టిందానివి నువ్వు. నన్నడుగుతావేంటి?”

“సూసి సెప్పు.”

వేలు పెట్టాను. బాగా తడిగా ఉంది, ఇంకో రెండు రోజులు నీళ్లక్కర్లేదు అన్నాను. ఆవిడ పక్కన నింపి పెట్టుకున్న చెంబుకేసి చూసింది. నేను రాకపోతే పోసేసేది.

అప్పుడు నాకు అర్థమైంది, ఆ వేళ్లకి తడి తెలియడం లేదు. నాకు తెలిసిపోయిందని ఆవిడ కనిపెట్టకూడదని చూపు తిప్పుకున్నాను, కాని చూసేసింది.

“డాక్టరు సెప్పినప్పటికే పోయిందిరా. సేపల పనికి అక్కర్లేదు, కంటితో సూసి అమ్మేయొచ్చు. కత్తి తగిలినా తెలీదు, అదే నయం” అంది. చెంబులో నీళ్లు బకెట్‌లో వంపేసింది. తలుపు మూసి, కొంగుతో అద్దం మీద తన వేలి ముద్రలు తుడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

“బాబీ, నీకు తప్ప ఎవులికీ తెలీదు. మా ఇంట్లో కూడా తెలీదు. రోజూ పొద్దున్న ఓపాలి రా. నీ ఏలు మట్టిలో ఎట్టి, తడో పొడో సెప్పేసి పో, అంతే. రోజూ వస్తానంటే, జగ్గమ్మకి ఫోన్ సేసి ఆ సోటు నీ కోడలికే ఇచ్చెయ్ అంతాను. రాలేనంటే ఇప్పుడే సెప్పెయ్. నీకు మొగమాటం లేదు కదా, సెప్పెయ్. వస్తావా?”